ఎస్టీమ్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కి ఇంట్లోనే పోర్టింగ్: ఎంత చెక్కాలి, ఎక్కడ ఆపాలి?

తెనాలి ఎస్టీమ్:

అందరికీ నమస్కారం. మా నాన్నగారి 2004 మారుతి ఎస్టీమ్ కారు ఇప్పుడు నా చేతికొచ్చింది. ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కి విడిగా పెట్రోలు చిమ్మే పద్ధతి), 1298 సీసీ, 16 వాల్వుల ఇంజిన్. పోయినేడాది రింగులు మార్చి, హెడ్డు (సిలిండర్ల మీద వాల్వులుండే భాగం) దింపి వాల్వులు ల్యాపింగ్ (సీటు మీద సరిగ్గా కూర్చునేలా రుద్దడం) చేయించాం. నాలుగు సిలిండర్లలోనూ కంప్రెషన్ దగ్గరదగ్గరగా ఉంది. పొగ లేదు, ఆయిల్ తినట్లేదు. బండి అమ్మే ఆలోచన అస్సలు లేదు. నాన్న నాకు డ్రైవింగ్ నేర్పింది ఈ బండి మీదే.

చాలా రోజుల నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి తీసుకెళ్లే గొట్టాల పోత) పోర్టింగ్, అంటే లోపలి గాలి దారి చెక్కి సరిచేయడం, చేసుకోవాలని ఉంది. ఉన్నదాన్ని పాడుచేసుకోకుండా ఆటోనగర్లో పాతది ఇంకోటి 1,800కి కొన్నా. కిరోసిన్‌లో నానబెట్టి కడిగితే లోపల పోత గరుకంతా బయటపడింది. ఇసుక రేణువుల్లాంటి బొడిపెలు, అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట నిలువునా ఒక గీత. హెడ్డుకి తగిలే వైపు కొత్త ప్యాకింగ్ (గ్యాస్కెట్) పెట్టి చూస్తే, ప్యాకింగ్ రంధ్రం లోపలికి చుట్టూతా 2 మి.మీ. దాకా అల్యూమినియం పొడుచుకుని కనిపిస్తోంది.

నా దగ్గర చిన్న ఎలక్ట్రిక్ డై గ్రైండర్ (చేత్తో పట్టుకుని లోహం చెక్కే యంత్రం) ఉంది, స్పీడు తగ్గించుకోవచ్చు. ఆదివారాలు ఖాళీ. అడగాల్సినవి మూడు. ప్యాకింగ్ గీత వరకూ, అంటే చుట్టూ 2 మి.మీ., చెక్కేయొచ్చా? వీడియోల్లో చూపిస్తున్నట్టు లోపల అద్దంలా పాలిష్ చేయాలా? ఇది చేశాక ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్లో) ఏమైనా మార్పించాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

ట్రాక్ డే, హైదరాబాద్:

మూడోదానికి నేను చెప్తా. ఈ బండిలో గాలి లెక్క మ్యాప్ సెన్సర్ చూసుకుంటుంది, అంటే మానిఫోల్డ్ లోపలి ఒత్తిడి చూసి ఈసీయూ పెట్రోలు నిర్ణయిస్తుంది. మీరు చెప్పినంత చిన్న మార్పుకి ఆక్సిజన్ సెన్సర్ సవరింపు సరిపోతుంది, ఏమీ మార్పించక్కర్లేదు. అయితే లోపల కలిసే చోట ఎక్కడన్నా సన్నగా గాలి లాగితే మాత్రం స్లో స్పీడు (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) పైకెక్కి ఊగుతుంది. చాలామంది అప్పుడు ట్యూనింగ్ పోయిందనుకుని ఈసీయూ మీద పడతారు. ముందు లీకు చూసుకోండి.

ఇంకో మాట. ఎప్పుడైనా పోటీలకి తీసుకెళ్లే ఉద్దేశం ఉంటే మీ క్లాసు నిబంధనలు ముందే చదవండి. స్టాక్ క్లాసుల్లో (బండి కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండాల్సిన పోటీల్లో) మానిఫోల్డ్ లోపల గ్రైండింగ్ గుర్తు కనిపిస్తే పక్కన పెట్టేస్తారు.

హెడ్డుపని, బెజవాడ:

తమ్ముడూ, ఇరవయ్యారేళ్లుగా హెడ్డుపనే చేస్తున్నా. ఇంట్లో సొంతంగా చేసుకుంటానన్నందుకు సంతోషం. ముందు ఆ గ్రైండర్ ప్లగ్గు తీసేసి ఇది ఆసాంతం చదువు.

ప్యాకింగ్ గీత వరకూ చెక్కొద్దు. అందరూ చేసే మొదటి తప్పు అదే. ప్యాకింగ్ చేసేవాళ్లు రంధ్రాన్ని కావాలనే కాస్త పెద్దగా వదులుతారు, అటూ ఇటూ జరిగినా గాలి దారిలోకి రాకూడదని. నువ్వు చూసుకోవాల్సింది హెడ్డు నోరు. మానిఫోల్డ్ నోరు ప్యాకింగంత చేశావనుకో, హెడ్డు నోరు దానికన్నా చిన్నగా ఉంటే, వేగంగా వచ్చే గాలికి ఎదురుగా హెడ్డు అంచు గోడలా నిలబడుతుంది. డబ్బులిచ్చి అడ్డుగోడ కట్టించుకున్నట్టు. అదే మానిఫోల్డ్ నోరు హెడ్డు నోటి కన్నా అర మిల్లీమీటరు చిన్నగా ఉందనుకో, గాలి చిన్న మెట్టు దిగి వెళ్తుంది, నష్టం ఉండదు. ఇంజిన్ నుంచి వెనక్కి తన్నే గాలిని కూడా ఆ మెట్టు కొంత ఆపుతుంది. అందుకని చుట్టూ అర మిల్లీమీటరు చిన్నగా ఉంచి ఆపు.

ఇంకా దగ్గరగా ఎందుకు వెళ్లకూడదంటే, స్టడ్డుకీ (హెడ్డులో నిలబడి నట్టు పట్టే మర కడ్డీ) మానిఫోల్డ్ రంధ్రానికీ మధ్య సందుంటుంది. 8 మి.మీ. స్టడ్డుకి 9 మి.మీ. రంధ్రం ఉంటే, బిగించేటప్పుడు మానిఫోల్డ్ ఏ వైపైనా అర మిల్లీమీటరు జరగొచ్చు. నువ్వు టేబుల్ మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపినా, బండి మీద అది ఎక్కడ కూర్చుంటుందో నీ చేతిలో లేదు.

ఇప్పుడు 2 మి.మీ. సంగతి. చుట్టూ 2 అంటే అడ్డకొలతలో 4. లెక్క కోసం పోర్టు (గాలి దారి) గుండ్రంగా 32 మి.మీ. ఉందనుకో. 36 చేస్తే వైశాల్యం పాతిక శాతం పైనే పెరుగుతుంది. నీ ఇంజిన్ బోరు (సిలిండర్ అడ్డకొలత) 74, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75.5 మి.మీ. 2000 ఆర్పీఎం దగ్గర పిస్టన్ సగటున సెకనుకి 5 మీటర్లు కదులుతుంది. ఆ లెక్కన 32 పోర్టులో గాలి వేగం సుమారు 27 మీటర్లు. 36 చేస్తే 21కి పడిపోతుంది. ఊళ్లో నువ్వు బండి నడిపేదంతా ఆ 2000, 2500 దగ్గరే కదా. గాలికి ఊపుండాలి. పిస్టన్ కిందికి దిగి మళ్లీ ఎక్కడం మొదలుపెట్టాక కూడా ఇన్‌టేక్ వాల్వు కాసేపు తెరుచుకునే ఉంటుంది. ఆ కాసేపట్లో కూడా గాలి లోపలికి దూరుతోందంటే అది దాని ఊపు వల్లే. దారి వెడల్పు చేసి ఊపు తీసేస్తే రెండో గేరులో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు పికప్ చచ్చిపోతుంది. పైన 6000 దగ్గర ఏదో వచ్చిందని సంతోషపడతావు, కానీ అక్కడ నువ్వు రోజుకి ఎన్ని సెకన్లు ఉంటావు?

కాబట్టి పెంచడం మన పని కాదు. కలపడం, గరుకు తీయడం. హెడ్డు వైపు నోటి నుంచి లోపలికి 25, 30 మి.మీ. వరకూ, మెట్టు లేకుండా ఏటవాలుగా కలుపు. అంతకన్నా లోపల అచ్చు గీతని, బొడిపెల్ని మాత్రం తియ్యి. వంపు దగ్గర లోపలి వైపు, అంటే మలుపు కురచగా తిరిగే పక్క, దాని గుండ్రం చెడగొట్టొద్దు. అక్కడ చెక్కితే మలుపు ఇంకా పదునుగా తయారై గాలి గోడని వదిలేస్తుంది.

పనిముట్టు: అల్యూమినియానికి పళ్లు వెడల్పుగా, లోతుగా ఉండే కార్బైడ్ బర్రు (గ్రైండర్‌కి బిగించే కోత ముక్క) వేరే ఉంటుంది, అది అడుగు. ఇనుముకి వాడే సన్నపళ్ల బర్రు పెడితే నిమిషంలో పళ్ల మధ్య అల్యూమినియం కరిగి అతుక్కుపోతుంది, ఆ తర్వాత అది కోయదు, రుద్దుతుంది. గ్రైండింగ్ రాయి అసలు పెట్టొద్దు, రాయి నిండిపోయి వేడెక్కి పగిలే ప్రమాదం ఉంది. కొవ్వొత్తి దగ్గర పెట్టుకో. పది పదిహేను సెకన్లకోసారి తిరుగుతున్న బర్రుని కొవ్వొత్తికి ఆనించు, మైనం పళ్లలోకి వెళ్తే రజను అతుక్కోదు. కిరోసిన్ కూడా అదే పని చేస్తుంది, కానీ ఎలక్ట్రిక్ గ్రైండర్ దగ్గర కిరోసిన్ వద్దు, మోటారులో నిప్పురవ్వలుంటాయి. పొడవాటి కాడ ఉన్న బర్రు అయితే స్పీడు బాగా తగ్గించి, తలని పోర్టు లోపల పెట్టాకే స్విచ్ వెయ్యి. గాల్లో ఫుల్ స్పీడులో తిప్పితే కాడ వంగి కొరడాలా కొడుతుంది. కళ్లద్దాలు, ముక్కుకి మాస్కు తప్పనిసరి. బర్రు రాల్చే రజను పొడి కాదు, సూదుల్లా ఉంటుంది. కంట్లో పడితే నలపకు, డాక్టరు దగ్గరికి వెళ్లు.

అద్దంలా పాలిష్ అక్కర్లేదు. నీ ఇంజిన్లో పెట్రోలు వాల్వు దగ్గర పడుతుంది, మానిఫోల్డ్ పొడవునా ఎక్కువగా వెళ్లేది గాలే. అద్దం చేస్తే నష్టం తక్కువ, లాభం అంతకన్నా తక్కువ. పెట్రోలు తగిలే చోట మాత్రం కాస్త గరుకే మంచిది, చెమ్మ గోడ మీద పాకకుండా గాలిలో కలుస్తుంది. 80 నంబరు ఎమరీ చుట్టతో సమంగా రుద్ది ఆపెయ్.

ఇప్పుడు నా మనసులో ముల్లులా ఉన్న సంగతి చెప్తా. చాలా ఏళ్ల కిందట ఒకాయన జెన్ కారు మానిఫోల్డ్ నా చేతికిచ్చారు. అప్పట్లో చెయ్యి బాగా తిరిగిందన్న ధీమా. నీళ్ల దారి (కూలెంట్ వెళ్లే దారి) పక్కనుంచే పోర్టు వెళ్తుందని తెలుసు, తెలిసీ ఇంకో అరచుట్టు లాగా. గోడ పల్చబడుతుంటే బర్రు శబ్దం మారుతుంది. నిండు కుండ మీద కొట్టినట్టు ఉండే శబ్దం, పల్చటి గిన్నె మీద గీకినట్టు సన్నగా మోగుతుంది. విన్నా. ఆగలేదు. కంటికి రంధ్రమేమీ కనపడలేదు, బిగించి పంపేశా. మూడో రోజు ఆయన తెల్ల పొగతో వచ్చారు, రేడియేటర్లో నీళ్లు తగ్గిపోతున్నాయి. విప్పి చూస్తే సూదిమొనంత చిల్లు. మానిఫోల్డ్ వాక్యూమ్ ఆ చిల్లులోంచి కూలెంట్‌ని లోపలికి పీల్చేస్తోంది. నా డబ్బులతో వేరే మానిఫోల్డ్ కొని వేశా, ఇంజిన్ ఆయిల్ మార్చా, హెడ్డు విప్పి చూపించా. ఆయన ఏమీ అనలేదు, అనుంటేనే బావుండేది.

అప్పటినుంచి ఒక పరీక్ష చేయకుండా ఏ మానిఫోల్డూ బయటికి పంపను. నువ్వూ చెయ్యి. నీళ్ల దారి ఒక వైపు రబ్బరు బిరడాతో మూసి, కిరోసిన్ నింపు. పోర్టు లోపల గోడకి సుద్దముక్కతో తెల్లగా రుద్ది రాత్రంతా వదిలెయ్. కిరోసిన్ నీళ్లకన్నా సన్నటి సందుల్లోంచి పాకుతుంది. తెల్లారి సుద్ద మీద ఎక్కడన్నా తడి మచ్చ కనిపిస్తే ఆ మానిఫోల్డ్ పని అయిపోయినట్టే.

చివరిగా కడగడం. దీనికి చెక్కినంత సమయం పెట్టు. ఒక్క అల్యూమినియం పెచ్చు వాల్వు సీటు మీద ఇరుక్కున్నా, పిస్టన్ పక్కకి దిగినా ఖర్చు హెడ్డుతో ఆగదు. ముందు కిరోసిన్, తర్వాత వేడినీళ్లు, సబ్బుపొడి, సీసాలు కడిగే బ్రష్షు, ఆ తర్వాత పంచరు షాపులో గాలి. ప్రతి సన్న రంధ్రంలోంచీ, మ్యాప్ సెన్సర్ గొట్టం, వాక్యూమ్ గొట్టాల్లోంచి కూడా గాలి కొట్టించు. తెల్ల గుడ్డ పెట్టి తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి.

కోయంబత్తూరులో తెలుగోడు:

పైన పెద్దాయన చెప్పినదానితో నూటికి నూరు పాళ్లు ఏకీభవిస్తా. నేను ఫ్లో బెంచి (గాలి ఎంత పోతుందో కొలిచే యంత్రం) మీద పని చేస్తా, సాధారణంగా 28 అంగుళాల నీటి ఒత్తిడి తేడా దగ్గర కొలుస్తాం. మానిఫోల్డ్ ఒక్కదాన్నే తోమితే అంకె కొద్దిగానే కదులుతుంది. గాలికి అసలు ఇరుకు వాల్వు చుట్టూ, సీటు కింద. అది హెడ్డు దించినప్పుడు చేయాల్సిన పని, అది కూడా ఇంట్లో డై గ్రైండర్‌తో వద్దు. మానిఫోల్డ్‌లో చేతికందే చోట కాస్త ఫలితం ఇచ్చేది రన్నర్ (ఒక్కో సిలిండర్‌కి వెళ్లే గొట్టం) మొదలయ్యే అంచు, థ్రాటిల్ బాడీ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి తలుపు) వెనక గది నుంచి గొట్టంలోకి గాలి తిరిగే చోటు. ఆ అంచు పదునుగా ఉంటే బూర మూతిలా గుండ్రం చేయండి. మీ మానిఫోల్డ్ ఒకే పోత అయితే అక్కడికి చెయ్యి పోదు, బలవంతంగా బర్రు దూర్చకండి.

తెనాలి ఎస్టీమ్:

అందరికీ ధన్యవాదాలు. బెజవాడ అన్నగారికి ప్రత్యేకంగా. మీరు రాసింది కాగితం మీద ప్రింటు తీసి గోడకి అంటించుకున్నా. మూడు ఆదివారాలు పట్టింది. ఏం జరిగిందో రాస్తున్నా.

మొదటి ఆదివారం బండి మీదున్న మానిఫోల్డ్ విప్పా. కూలెంట్ ముందే దింపుకోవాలి, థ్రాటిల్ బాడీకి కూడా నీళ్ల గొట్టాలున్నాయి. ప్రతి గొట్టానికీ టేపు చుట్టి నంబరు రాసుకున్నా. హెడ్డు నోళ్లలో గుడ్డలు కుక్కి, ముఖం తుడిచి, సన్నగా ప్రష్యన్ బ్లూ (ఆనిన చోట ముద్ర పడే నీలం రంగు) పూసి, ప్యాకింగ్ లేకుండా ఆటోనగర్లో కొన్న మానిఫోల్డ్ ఆనించి తీశా. నీలం ముద్ర చూస్తే నేననుకున్నదానికి పూర్తిగా వేరే కథ. రెండు, మూడు సిలిండర్లకి మానిఫోల్డ్ నోరు హెడ్డు నోటికి దాదాపు సరిపోయింది. నాలుగోదానికి పై వైపు 1.2 మి.మీ. అల్యూమినియం ఎక్కువుంది. ఒకటోదానికి కింది అంచు దగ్గర మానిఫోల్డే హెడ్డు కన్నా కాస్త పెద్దగా ఉంది! నేను ప్యాకింగ్ చూసి చుట్టూ 2 మి.మీ. చెక్కుంటే నాలుగు నోళ్లూ హెడ్డుని దాటిపోయేవి. ఆ నీలం ముద్ర చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నా.

ఒకటోదానికి మీరు చెప్పిన స్టడ్డు సందే దారి చూపించింది. మానిఫోల్డ్‌ని పైకి ఎత్తి పట్టుకుని మళ్లీ ముద్ర తీస్తే కింది అంచు సరిపోయింది. అప్పుడు మిగతా మూడింటి ముద్ర కూడా మారింది కాబట్టి, ఆ ఎత్తి పట్టిన ముద్రనే ఆధారం చేసుకుని గీత గీశా. నల్ల మార్కరు పూసి సూదితో గీత, గీతకి అర మిల్లీమీటరు ఇవతల ఆగాను.

రెండో ఆదివారం చెక్కుడు. ఎక్కువ భాగం గరుకూ, అచ్చు గీతా తీయడమే. కొవ్వొత్తి మాట నిజం, మైనం పెట్టకుండా ఒక్క నిమిషం చేసి చూశా, బర్రు పళ్లు వెండి పూసినట్టు మూసుకుపోయాయి. కళ్లు మోసం చేస్తాయని త్వరగానే తెలిసింది. వెలుతురు పక్కనుంచి పడితే నున్నగా ఉన్నది కూడా గుంటలా కనిపిస్తుంది. చూపుడువేలు లోపల పెట్టి కళ్లు మూసుకుని తడిమితే మాత్రం కాగితం మందం మెట్టు కూడా తెలుస్తోంది. చివరికి అంతా వేలితోనే చేశా. సుద్ద పరీక్షలో తడి మచ్చ రాలేదు. తెల్లారి చూసేదాకా నిద్ర పట్టలేదు.

మూడో ఆదివారం మందపాటి అద్దం మీద ఎమరీ పేపరు పరిచి మానిఫోల్డ్ ముఖం తోమి, స్టీలు స్కేలు కింద 0.05 మి.మీ. ఫీలర్ (సందు కొలిచే పల్చటి రేకు) దూరకుండా చేశా. కొత్త ప్యాకింగ్, సిలికాన్ లేకుండా. మధ్య నుంచి అంచులకి, రెండు విడతల్లో బిగించా.

స్టార్ట్ చేయగానే స్లో స్పీడు 1500కి ఎక్కి ఊగింది. గుండె ఆగింది. హైదరాబాద్ అన్నగారి మాట గుర్తొచ్చి కార్బ్ క్లీనర్ కలిసే చోట్ల కొద్దికొద్దిగా కొట్టా, ఇంజిన్ ఇంకా చల్లగా ఉన్నప్పుడే. హెడ్డు వైపు ఏమీ లేదు. థ్రాటిల్ బాడీ కింద కొట్టగానే స్పీడు మారింది. అక్కడ పాత ప్యాకింగే వాడేశా, అది ఓ మూల చిరిగింది. కొత్తది వేస్తే కుదురుకుంది.

ఫలితం ఉన్నదున్నట్టు చెప్తా. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, మూడో గేరులో 40 నుంచి 80 వరకూ, ఒక వైపు మూడుసార్లు, అటు వైపు మూడుసార్లు, పక్కన మా తమ్ముడు ఫోనులో స్పీడోమీటర్ వీడియో తీశాడు. ముందు సగటు 9.1 సెకన్లు, ఇప్పుడు 8.8. ఆ రోజు చలి ఇంకాస్త ఎక్కువగా ఉంది కాబట్టి ఆ తేడా అంతా మానిఫోల్డ్‌దే అని నేను అనను. మైలేజీ మారలేదు. కింద పికప్ పోలేదు, నాకు అదే ముఖ్యం. 4000 దాటాక ఇంతకుముందు లాగుతూ లాగుతూ కాస్త గరగరలాడేది, ఇప్పుడు నాలుగు సిలిండర్లూ ఒకేలా లాగుతున్నట్టు చెవికి తెలుస్తోంది. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని గుంటూరు దాకా వెళ్లొచ్చా. ఏం చేశానో ఆయనకి చెప్పలేదు. నందివెలుగు దాటాక, "బండి కుదుటపడింది రా, శబ్దం తేరింది" అన్నారు.

హెడ్డుపని, బెజవాడ:

బాగా చేశావు తమ్ముడూ. నీలం ముద్ర తీసి చూసుకున్నావు చూడు, ఆ పని ఆటోనగర్లో సగం మంది చేయరు. సెకనులో మూడు పదోవంతులు తగ్గిందా రెండు తగ్గిందా అన్నది వదిలెయ్, నాలుగో సిలిండర్ పై అంచు 1.2 మి.మీ. అడ్డం పోయింది, అది ఖాయం.

ఇంకొక్కటి. కొత్త ప్యాకింగ్ నాలుగైదుసార్లు వేడెక్కి చల్లారాక కాస్త నలుగుతుంది. ఓ 500 కిలోమీటర్ల తర్వాత, ఉదయాన్నే ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు నట్లన్నీ ఒకసారి చూసుకో. టార్క్ రెంచి (ఎంత బిగువు పడుతోందో చూపించే పానా) ఉంటే 8 మి.మీ. నట్టుకి 20 నుంచి 23 న్యూటన్ మీటర్ల మధ్య చాలు, బలం చూపించొద్దు. హెడ్డు అల్యూమినియం, స్టడ్డు మరతో సహా ఊడొస్తుంది. రేడియేటర్లో, పక్క డబ్బాలో నీళ్ల మట్టం వారం పాటు రోజూ చూడు.

తెనాలి ఎస్టీమ్:

ఇవాళ పొద్దున 520 కిలోమీటర్ల దగ్గర చూశా అన్నా. రెండో సిలిండర్ కింది నట్టు పావు తిప్పు తీసుకుంది. మిగతావి కదల్లేదు. నీళ్ల మట్టం గీత దగ్గరే ఉంది.